మీటింగులో మాట ఎవరిది?

మీటింగంటే నలుగురు కూచోని మాట్లాడుకునేది అని బళ్లో చెబుతారు. ఊరు చెప్పేది వేరు. ఊళ్లో మీటింగంటే ఇద్దరు మాట్లాడేది, మిగతావాళ్లు నిలబడి వినేది. రచ్చబండ మీద ఎవరు కూచోవాలి, కింద ఎవరు నిలబడాలి, ఎవరి పేరు చివర 'గారు' రావాలి, ఎవర్ని 'ఒరే' అని పిలవాలి అన్నవన్నీ మీటింగు మొదలు కాకముందే తీర్మానమైపోయి ఉంటాయి. ఆ తీర్మానం ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. రాసి లేదు కాబట్టి దాన్ని కొట్టేయడమూ కుదరదు.

సంగం దగ్గర పెన్నమ్మకు అడ్డంగా ఆనకట్ట కట్టి నూరేళ్లు దాటి చాలా కాలమైంది. 2022 సెప్టెంబరులో కొత్త బ్యారేజీ కూడా మొదలైంది. అప్పటి పరిశ్రమల, ఐటీ శాఖల మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి ఆ ఏడాది ఫిబ్రవరిలోనే చనిపోతే ఆయన పేరే దానికి పెట్టారు. ఈ నీళ్లు ఎవరి కయ్యలోకి ముందు పోవాలో తేల్చడానికి 1997లో చట్టం చేసి నీటి సంఘాలు పెట్టారు. పేరుకు సంఘమే. ఓటు మాత్రం భూమి ఉన్నోడికే. నాటు వేసేది, కలుపు తీసేది, కోత కోసేది, కాలవలో పూడిక ఎత్తేది ఎవరో వేరే చెప్పాలా? ఆ చేతులకు ఆ మీటింగులో ఓటు లేదు, ఓటు లేనిచోట కుర్చీ ఎందుకుంటుంది?

ఈసారి మేం రాయదలచుకున్నది నీటి సంఘం గురించి కాదు, సాఫ్ట్‌వేర్ కంపెనీల మీటింగుల గురించి. దళిత పత్రికకు సాఫ్ట్‌వేర్ గొడవ ఎందుకని ముక్కు విరిచేవాళ్లు ఉంటారు. వాళ్లు ఒకసారి సంగం, బుచ్చిరెడ్డిపాలెం, ఆత్మకూరు చుట్టుపక్కల పాలేల్లోకి వచ్చి చూడాలి. కూలికి పోయిన తల్లుల బిడ్డలు ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజినీరింగు చదివి మద్రాసులో, బెంగుళూరులో, హైదరాబాదులో కంప్యూటర్ల ముందు కూచున్నారు. కొందరు సముద్రం దాటారు. ఒక ఇంటి అప్పు, ఒక చెల్లెలి చదువు, ఒక తండ్రి మందులు ఆ జీతం మీద నడుస్తున్నాయి. ఆ జీతం ఉంటుందా ఊడుతుందా అనేది తేలేది కంప్యూటర్ ముందు కాదు, మీటింగులో. అందుకే ఇది మన గొడవ.

పండక్కి వచ్చిన పిల్లకాయల్ని కూచోబెట్టి అడిగితే వాళ్లు చెప్పేది దాదాపు ఒకటే. రోజూ పొద్దున టీమంతా పావుగంట నిలబడి మాట్లాడుకునే మీటింగు ఉంటుంది. నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఎక్కడ ఆగిపోయావు అని ఒక్కొక్కరూ చెప్పాలి. నిలబడి చేసేది ఎందుకంటే తొందరగా అయిపోవాలని. చిత్రమేమిటంటే కొందరికి అరనిమిషం, కొందరికి ఏడు నిమిషాలు దొరుకుతుంది. మనవాడు "అక్కడ ఆగిపోయాను, సాయం కావాలి" అంటే చేతగానితనం. పక్కవాడు అదే మాటంటే 'సమస్యను ముందే పసిగట్టాడు' అని మెచ్చుకోలు. మనమ్మాయి సోమవారం చెప్పిన ఉపాయాన్ని ఎవరూ పట్టించుకోరు. బుధవారం వేరే గొంతులో అదే ఉపాయం వస్తే బల్ల చుట్టూ తలలన్నీ ఊగుతాయి. క్లయింటు ఫోను వచ్చినప్పుడు "నువ్వు గమ్మునుండు, నేను మాట్లాడతా" అంటాడు లీడు. ఆర్నెల్ల తర్వాత మదింపు రోజున అదే లీడు కాగితం మీద రాస్తాడు: 'క్లయింటుతో మాట్లాడే నైపుణ్యం తక్కువ'. నోరు మూయించినవాడే నోరు లేదని మార్కులు తగ్గిస్తున్నాడు!

అసలు నిర్ణయం ఈ మీటింగుల్లో జరుగుతుందనుకుంటే అదీ పొరపాటే. టీ కొట్టు దగ్గర, ఆదివారం ఎవరింట్లోనో పూజకు కలిసినప్పుడు, 'మనవాళ్లు' అనుకునేవాళ్ల వాట్సాప్ గుంపులో ముందే అయిపోతుంది. ఆన్‌సైటుకు ఎవర్ని పంపాలి, కొత్త ప్రాజెక్టులోకి ఎవర్ని తీసుకోవాలి, బెంచి మీద ఎవర్ని కూచోబెట్టాలి అన్నవి అక్కడే తేలిపోతాయి. సోమవారం మీటింగు దాని మీద ముద్ర వేయడానికి. రచ్చబండ పద్ధతి ఇదే కదా! ఏసీ పెట్టారు, అంతే తేడా.

కులం ఎట్లా తెలుస్తుంది, అక్కడ ఎవరూ అడగరు కదా అంటారు పట్నం మేధావులు. అడుగుతారు. మర్యాదగా అడుగుతారు. ఇంటిపేరేంది? ఊరేది? ఊళ్లో ఏ వీధి? మీ నాయన ఏం చేస్తారు? మాంసం తింటారా, ఏ మాంసం? వీటన్నిటికంటే పదునైనది ఒకటుంది: ఎంసెట్‌లో ర్యాంకెంత? ర్యాంకు చెప్పి, చదివిన కాలేజీ పేరు చెప్పగానే ఎదుటివాడి కళ్లలో లెక్క కట్టేయడం కనిపిస్తుంది. ఆ నిమిషం నుంచి ఆ పిల్లవాడు రాసే ప్రతి ప్రోగ్రాంలో తప్పు వెతుకుతారు. అందరి ప్రోగ్రాంలలోనూ తప్పులుంటాయి. ఇతని తప్పుకు మాత్రం ఓ జాతి మొత్తాన్ని సాక్ష్యం పిలుస్తారు.

ఇవి మా పాలెం పిల్లకాయల అపోహలని కొట్టిపారేసేవాళ్లకు పెద్ద చదువుల వాళ్లు చేసిన లెక్కలు కూడా ఉన్నాయి. సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ అనే ఇద్దరు పండితులు పేపర్లలో పడిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే అర్హతలతో దరఖాస్తులు పంపారు. పేర్లు మాత్రం మార్చారు. కొన్నింటికి అగ్రకుల హిందువుల పేర్లు, కొన్నింటికి దళితుల పేర్లు, కొన్నింటికి ముస్లింల పేర్లు. దళితుడి పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతో పోలిస్తే మూడింట రెండు వంతులే అని తేలింది. 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అది అచ్చయింది. అదే సంచికలో సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఉద్యోగాలిచ్చే మేనేజర్లతో మాట్లాడి రాశారు. మాకు కులం లేదు, ప్రతిభే ముఖ్యం అంటూనే ఆ మేనేజర్లు అభ్యర్థి 'కుటుంబ నేపథ్యం' అడుగుతున్నారట. 2012లో అదే పత్రికలో ఇంకో లెక్క వచ్చింది. దేశంలోని 1,000 పెద్ద కంపెనీల డైరెక్టర్ల బోర్డుల్లో నూటికి 90 మందికి పైగా అగ్రకులాల వాళ్లే, ఎస్సీ ఎస్టీలు కలిపి నూటికి నలుగురు కూడా లేరు. అన్నిటికంటే పెద్ద మీటింగు బోర్డు మీటింగు. అక్కడ మన కుర్చీల లెక్క అది.

అమెరికా పోతే కులం పోతుందా? 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ పౌరహక్కుల విభాగం సిస్కో కంపెనీ మీద కేసు పెట్టింది. ఒక దళిత ఇంజినీరు రిజర్వేషన్‌లో ఐఐటీ సీటు తెచ్చుకున్నాడని అతని పైఅధికారి తోటివాళ్లకు చెప్పాడని, దాని మీద ఫిర్యాదు చేస్తే అతని బాధ్యతలు తగ్గించి జట్టులో ఒంటరిని చేశారని అందులోని ఆరోపణ. కంపెనీ ఆ ఆరోపణల్ని కాదన్నది. ఇద్దరు అధికారుల మీద వ్యక్తిగతంగా పెట్టిన కేసును 2023 ఏప్రిల్‌లో ఆ విభాగమే వెనక్కి తీసుకుంది. కోర్టుల సంగతి కోర్టులు చూసుకుంటాయి. మనకు కావలసింది ఇంకొకటి. కంపెనీ లోపలి విచారణలో కులవివక్ష చట్టవిరుద్ధం కాదన్న సమాధానం వచ్చిందని ఆ ఫిర్యాదులో ఉంది. అంటే రాసిపెట్టిన నిబంధన లేకపోతే అన్యాయం కళ్లెదుట ఉన్నా కనపడదన్నమాట.

గూగుల్‌లో జరిగింది ఇంకా విచిత్రం. అక్కడ జరగని మీటింగే వార్తయింది. 2022 ఏప్రిల్‌లో దళిత చరిత్ర మాసం సందర్భంగా మాట్లాడమని తేన్‌మొళి సౌందరరాజన్‌ను పిలిచారు. కులం గురించి మాట్లాడితే మా ప్రాణాలకు ముప్పు అన్నట్టు కొందరు ఉద్యోగులు పైవాళ్లకు ఉత్తరాలు పెట్టారు. సభ రద్దయింది. ఆమెను పిలిచిన మేనేజరు తనూజా గుప్తా రాజీనామా చేసి బయటకొచ్చారు. ప్రపంచంలోని సమాచారమంతా అందరికీ అందిస్తామనే కంపెనీలో ఒక దళిత స్త్రీ గంటసేపు మాట్లాడటానికి చోటు లేకపోయింది. ఆ మరుసటేడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. అక్టోబరులో కాలిఫోర్నియా రాష్ట్రం మొత్తానికి అలాంటి చట్టం చట్టసభలో నెగ్గి గవర్నరు బల్ల దాకా పోయి అక్కడ ఆగిపోయింది. ఆయన వీటో చేశాడు.

ఇంతా చెప్పి మీటింగులే తగలెయ్యమని మేం అనడం లేదు. పనిముట్టుది తప్పు కాదు. రోజువారీ మీటింగు, పదిహేను రోజులకోసారి 'ఏం బాగా జరిగింది, ఏం చెడింది' అని వెనక్కి చూసుకునే మీటింగు, లీడు ఒక్కొక్కరితో విడిగా కూచునే మీటింగు, ఇవన్నీ నిజానికి కింది మనిషి నోరు విప్పడానికి కనిపెట్టినవే. 2001లో 17 మంది ప్రోగ్రామర్లు అమెరికాలో ఒక మంచుకొండ మీద కూడి రాసుకున్న ప్రకటనలో కాగితాలకన్నా మనుషులు, వాళ్ల మాటామంతీ ముఖ్యమన్నారు. ఇంటెల్ కంపెనీని నడిపిన ఆండీ గ్రోవ్ 1983లో మేనేజర్ల కోసం రాసిన పుస్తకంలో విడి మీటింగు గురించి చెప్పిన మాట మనకు బాగా పనికొస్తుంది. అది పైవాడి మీటింగు కాదు, కిందివాడి మీటింగు. ఏం మాట్లాడాలో కిందివాడే రాసుకుని రావాలి, పైవాడు వినాలి. గ్రోవ్ హంగరీలో పుట్టిన యూదుడు. నాజీల కాలంలో పేరు మార్చుకుని దాక్కుని బతికిన పిల్లవాడు. పేరు దాచుకోవడం అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మన దేశానికి వచ్చేసరికి ఈ పద్ధతులన్నీ పేరు ఉంచుకుని ప్రాణం పోగొట్టుకున్నాయి. విడి మీటింగు అంటే గంటసేపు చీవాట్లు. వెనక్కి చూసుకునే మీటింగు అంటే 'అంతా బాగుంది సార్'.

మీటింగు నడపడం మనం అమెరికా నుంచి నేర్చుకోవలసిన విద్య కూడా కాదు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో బాబాసాహెబ్ ఈ సంగతే గుర్తు చేశారు. పార్లమెంటు పద్ధతులు ఈ నేలకు కొత్త కావనీ, కూచునే వరస, ప్రతిపాదన, తీర్మానం, కోరం, ఓట్ల లెక్కింపు అన్నీ బౌద్ధ భిక్షు సంఘాలకు తెలుసనీ చెప్పారు. ఆ సంఘాల నియమాలు వినయపిటకంలో ఉన్నాయి. ముఖ్యమైన ప్రతిపాదన ఏదైనా సంఘం ముందు పెట్టి, ఒప్పుకునేవారు మౌనంగా ఉండండి, ఒప్పుకోనివారు మాట్లాడండి అని మూడుసార్లు అడగాలి. మూడుసార్లు! అప్పటికీ మౌనమే అయితేనే అంగీకారం. ఇవాళ్టి మేనేజరు కూడా మౌనాన్ని అంగీకారమనే అంటాడు. "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా? లేవు కదా, సరే" అని ఒక్క ఊపిరిలో ముగిస్తాడు. మౌనంగా ఉన్న మనిషిని మళ్లీ అడిగే ఓపిక రెండున్నర వేల ఏళ్ల కిందటి భిక్షువులకు ఉంది, వీళ్లకు లేదు.

కూచునే వరస సంగతి ఇంకా గొప్పది. సంఘంలో పెద్దరికం పుట్టుకను బట్టి కాదు, ఎవరు ముందు చేరారన్నదాన్ని బట్టి. శాక్య రాజకుమారులు వాళ్ల మంగలి ఉపాలితో కలిసి వచ్చినప్పుడు, ముందు ఉపాలికి దీక్ష ఇవ్వమని వాళ్లే అడిగారని వినయపిటకం చెబుతుంది. తమ గర్వం అణగాలని అడిగారు. అప్పట్నించి కుర్రకారు రాజులంతా మంగలికి మొక్కాల్సిందే. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన మొదటి సభలో నియమాలన్నీ అప్పజెప్పింది ఆ ఉపాలే. మన పిల్లకాయలకు మేనేజ్‌మెంట్ పాఠాల్లో ఈ కథ ఎవరూ చెప్పరు.

అంతదూరం ఎందుకు, మా జిల్లాలోని దూబగుంటకు పోదాం. 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రిబళ్లలో కూలి ఆడోళ్లు చేరారు. దళిత, వెనకబడిన కులాల వాళ్లే ఎక్కువ. పలకల మీద అక్షరాలు దిద్దుతూ సారాయి వల్ల ఇంట్లో పడే బాధలు ఒకరికొకరు చెప్పుకున్నారు. అధ్యక్షుడు లేడు, మైకు లేదు, దండలు లేవు. లాంతరు వెలుగులో గుండ్రంగా కూచోవడమే. గుండ్రంగా కూచుంటే ముందు వరస, వెనక వరస ఉండదు. ఆ మీటింగులు 1992లో సారాయి పాటల్ని ఆపేశాయి, 1993లో రాష్ట్రమంతా సారాయిని నిషేధించేలా చేశాయి. ఇన్ని కోట్లు పోసి కంపెనీలు పెట్టుకునే శిక్షణ తరగతుల్లో ఇంతకంటే బాగా నడిచిన మీటింగు ఒకటి చూపించమనండి.

ఇక మనవాళ్లలో లీడులు, మేనేజర్లు అయినవాళ్లతో ఒక మాట. తక్కువమందే కావచ్చు, ఉన్నారు. కుర్చీ రాగానే దొరగారి గొంతు అరువు తెచ్చుకున్నవాళ్లు వాళ్లలోనూ ఉన్నారు. కిందివాణ్ణి నలుగురిలో తిట్టడం, తెలుగులో మాట్లాడితే నవ్వడం, నెల్లూరు ఇంగ్లీషు అని వెక్కిరించడం వీళ్లూ చేస్తున్నారు. కష్టపడి పైకొచ్చాం, వీళ్లూ పడనీ అంటారు. అది అంబేద్కరు బాట కాదు. నీ చేతిలో ఐదుగురి టీము ఉన్నా సరే, కొన్ని పనులు రేపటినుంచే చేయొచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏం మాట్లాడబోతున్నామో ముందురోజే రాసి అందరికీ పంపు. అప్పటికప్పుడు ఇంగ్లీషులో దంచలేనివాడు రాత్రి ఆలోచించుకుని వస్తాడు. అభిప్రాయాలు అడిగేటప్పుడు కొత్తగా చేరినవాళ్ల నుంచి మొదలుపెట్టు, నీది చివర చెప్పు. నువ్వు ముందే చెప్పేస్తే తర్వాతి వాళ్లు నీకు తాళం వేస్తారు. మీటింగు రాతలు రాసే పని, కాఫీలు తెప్పించే పని ఎప్పుడూ ఒకే ఆడపిల్ల మీద పడకుండా వంతులు వెయ్యి. ఉపాయం ఎవరిదో ఆ పేరు పెట్టి రాయించు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎందుకంటే మదింపు రోజున జ్ఞాపకం కులం పక్షాన మాట్లాడుతుంది, కాగితం అట్లా కాదు. తప్పు చెప్పాలంటే గదిలో చెప్పు, ఏ రోజు ఏ పనిలో ఏం జరిగిందో చెప్పు. 'నీ వైఖరి బాగాలేదు' అనే మాట మాత్రం వాడొద్దు. వైఖరి అంటే ఏంది? మన తాతల్ని కొట్టినప్పుడు కూడా వాళ్ల వైఖరి బాగాలేదనే కొట్టారు.

టీములో మామూలు ఉద్యోగిగా ఉన్నవాళ్లు చేయగలిగిందీ ఉంది. మీటింగు అయిన పావుగంటలో "ఇవాళ అనుకున్నది ఇది, నాకప్పజెప్పినది ఇది" అని నాలుగు ముక్కలు మెయిలు పెట్టండి. మర్యాదగానే పెట్టండి. రేపు కాదనడానికి వీలుండదు. మీ మాట ఎవరైనా ఎత్తుకుపోతే మీ పక్కనున్న మనిషి "ఆ సంగతి మొన్న ఈమె చెప్పింది కదా" అనేలా ఇద్దరు ముగ్గురు ముందే అనుకుని ఉండండి. ఒక్కడు అంటే గొడవమనిషి. ముగ్గురు అంటే టీము అభిప్రాయం.

అయితే మంచి లీడుల దయ మీద బతకమని చెప్పే పత్రిక కాదిది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద విచారణకు అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు స్త్రీ కావాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా స్త్రీలుండాలి, బయటి సభ్యులొకరు ఉండాలి, 90 రోజుల్లో విచారణ తేలాలి. కులవేధింపుకు అలాంటి కమిటీ ఎందుకు లేదు? 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ఉద్యోగంలో అంటరానితనాన్ని నేరమంది, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అవి పోలీసు స్టేషను మెట్లెక్కాల్సిన చట్టాలు. కులం పేరుతో తిడితే పట్టుకుంటాయేమో గానీ మీటింగుకు పిలవకపోవడాన్ని, రేటింగు తగ్గించడాన్ని ఏ సెక్షను కింద రాయాలి? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ పెట్టమంది. అందులో స్త్రీలకు చోటివ్వమంది, బాగుంది. దళితుడికి చోటు అన్న మాట లేదు. పైగా 18,000 రూపాయలు దాటిన జీతంతో పర్యవేక్షణ పని చేసేవాడు దాని లెక్కలో కార్మికుడే కాడు. అంటే మన లీడు కిందివాళ్లకు దొర, పైవాళ్లకు అంటరానివాడు, చట్టానికి ఎవరూ కాడు.

2025లో టీసీఎస్ ఒక్కటే సుమారు 12,000 మందిని తగ్గిస్తానని జులైలో ప్రకటించింది. యంత్రమేధ వచ్చిందంటున్నారు. మనుషుల్ని తీసేసేటప్పుడు జాబితా ఎక్కడ తయారవుతుంది? మళ్లీ ఓ మూసిన గదిలో, ఓ మీటింగులో, పాత రేటింగుల కాగితాలు ముందేసుకుని. ఆ కాగితాల మీద ఇన్నేళ్లూ ఎవరి పేర్ల పక్కన ఏం రాశారో పైన చెప్పుకున్నాం. తీసేసేవాళ్లలో ఏ కులంవాళ్లు ఎంతమందో లెక్క చెప్పమని అడిగే హక్కు మనకు కావాలి. ప్రభుత్వాల నుంచి భూములు, రాయితీలు తీసుకునే కంపెనీలు ఆ లెక్క చెప్పి తీరాలి. భూమి ఇచ్చేటప్పుడే ఆ షరతు రాయించమని మన జిల్లా నుంచి ఎన్నికైన ప్రతినిధుల్ని, ముఖ్యంగా రిజర్వుడు సీట్లలో గెలిచినవాళ్లను, అడుగుతున్నాం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన బిడ్డలు తమ ఆఫీసులో మీటింగు ఎట్లా జరుగుతుందో రాసి పంపండి. ఎవరు ముందు మాట్లాడతారు, ఎవరికి ఎంతసేపు దొరుకుతుంది, రాతలు ఎవరు రాస్తారు, మీ పేరు ఎన్నిసార్లు అందులో వచ్చింది అన్నది వారం రోజులు లెక్కపెట్టి రాస్తే ఇంకా మంచిది. మీ పేరు, కంపెనీ పేరు అచ్చు వేయం. తెలుగులో రాయండి, తప్పులుంటే మేం దిద్దుకుంటాం. ఇంటికాడ అమ్మానాయనలు చదివించుకుని వినేలా రాస్తే చాలు.